ఊరెక్కడుందని అడిగితే

నేను ఒక ఊరి పేరు మోసే ఇనుప రేకుని. పసుపు రంగు పూత, నల్లటి అక్షరాలు, పైన తెలుగు, కింద ఇంగ్లీషు, నిలబడడానికి రెండు ఇనుప కాళ్ళు. నా మీద రాసి ఉన్న పేరు నేరేడురేవు. ఇప్పుడా ఊళ్ళో నేరేడు చెట్టూ లేదు, రేవూ లేదు. పేరు మాత్రం ఉంది. అది ఉండడానికి ఎంత తతంగం జరిగిందో నేను పక్కనుండి చూశాను, ఒక్కోసారి కిందనుండి కూడా చూశాను. అందుకే చెబుతున్నాను.

కర్నూలులో ఒక ఇరుకు సందు, జిలానీ అనే పెయింటరు ఇంటి అరుగు. అక్కడ పుట్టాను. రోడ్ల శాఖవాళ్ళు ఒక్కో ఊరికి రెండేసి బోర్డులు రాయమన్నారు, రెండు కొసలకీ ఒక్కొక్కటి. ఒకే పెద్ద రేకుని మధ్యకు కోసి మమ్మల్నిద్దర్నీ చేశారు. జిలానీ దారానికి సుద్దపొడి పట్టించి, సాగదీసి, టప్పున కొట్టి గీతలు వేసుకున్నాడు. అక్షరం రాసేటప్పుడు ఊపిరి బిగబట్టి, పూర్తయ్యాక వదిలేవాడు. ఆయన భార్య టీ గ్లాసు అరుగు మీద పెట్టి, "యాడుంది ఈ ఊరు?" అని అడిగింది.

"నేనెప్పుడూ పోలే. బోర్డుకి తెలుస్తాదిలే" అన్నాడు జిలానీ.

నాకూ తెలియదు. నాకు ముందు పేరొచ్చింది, ఊరు తరవాత వచ్చింది. మనుషులకి అలా కాదని, వాళ్ళకి ఊరు ముందుండి పేరు దాని వెనకాలే నీడలా నడుస్తుందని నెమ్మదిగా తెలుసుకున్నాను.

పని అయిపోయాక జిలానీ మా కింది అంచులకి, ఎవరూ వంగి చూడని చోట, ఇంకొక పూత వేశాడు. తుప్పు మొదలయ్యేది అక్కడేనట. అలా వేయమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ పూత వల్లే నేనింకా ఉన్నాను. తరవాత మమ్మల్నిద్దర్నీ ఎదురెదురుగా ఆనించి, మధ్యలో పాత దినపత్రిక పెట్టి, తాడు కట్టి లారీ ఎక్కించారు. మేమిద్దరం దగ్గరగా ఉన్నది ఆ ప్రయాణంలోనే.

నన్ను నేరేడురేవుకి రోడ్డు వైపు పాతారు. నా జతని ఏటి వైపు, జనాన్ని ఏరు దాటించే పుట్టి ఆగే చోట పాతారు. మా మధ్య ఊరంతా ఉంది. ఒకరికొకరం కనిపించేవాళ్ళం కాదు. పొద్దున పుట్టి దిగిన చేపలబుట్ట మధ్యాహ్నానికి నా పక్కనుంచి సంతకి పోయేది. అవతలి కొసన వాలిన కాకి కాసేపటికి నా నెత్తిన వాలేది. అలా ఒకరి కబురు ఒకరికి అందుతూ ఉండేది.

ఊరివాళ్ళు నన్ను చదివేవాళ్ళు కాదు. నా కాలికి ఎద్దుని కట్టేవాళ్ళు, తడి తువ్వాలు ఆరేసేవాళ్ళు, నా నీడలో బీడీ ముట్టించేవాళ్ళు. నన్ను చదివేది పరాయివాళ్ళే. బస్సు కిటికీలోంచి ఎవరో ఒకరు పెదవులు కదిపి "నేరేడురేవు" అనుకునేవారు. నాకు అదే పెద్ద సంబరం. సొంతవాళ్ళకి అక్కర్లేని పని పరాయివాళ్ళ కోసం చేయడమే నా ఉద్యోగం.

కింద ఎక్కడో ఆనకట్ట కట్టారు. ఒక వానాకాలం నీళ్ళు వచ్చి, వెనక్కి పోలేదు. ముందు ఏటి వైపు మునిగింది. అంటే నా జత మునిగింది. ఆ రోజు నుంచి అవతలి కొస నుంచి కాకి రాలేదు.

మిగిలిన ఊరు ఖాళీ అవుతుంటే మద్దిలేటి అనే రైతు నా దగ్గర ట్రాక్టరు ఆపాడు. ఆయన గురించి ఒక సంగతి చెప్పాలి. ఊరి నడిమధ్యన పాతే రాయిని బొడ్రాయి అంటారు. నేరేడురేవు బొడ్రాయికి ఏటా మొదటి బిందె నీళ్ళు పోయవలసింది మద్దిలేటి ఇంటివాళ్ళే. దాన్ని పెకలించాలన్నా నిలబెట్టాలన్నా వాళ్ళ చెయ్యే పడాలి. ఆ రోజు ఊరంతా ఆయన ముఖం వైపు చూశారు, రాయిని వెంట తీసుకుపోదామా అని.

"ఊరు మునిగింది గానీ చావలేదప్పా. ఎండాకాలం నీళ్ళు తీస్తే మళ్ళా బయటపడ్తాది. రాయి ఆడనే ఉండనీ" అన్నాడు మద్దిలేటి.

"మరి ఈ బోర్డు?"

"ఇది సర్కారుది. రేకు మందంగుంది, పనికొస్తాది" అని గడ్డపారతో నా కాళ్ళు పెకలించాడు.

అలా రాయి నీళ్ళలోకి, నేను గట్టుకి చేరాం. చాలా దూరం పోయాక, ఎర్రమట్టి దిబ్బల మధ్య, సర్కారు కట్టించిన ఇళ్ళ వరసల్లో వాళ్ళు దిగారు. ఆ రోడ్డు పొడుగునా ఇలా మునిగిన ఊళ్ళ జనం దిగిన చోట్లు వరసగా ఉన్నాయి. అన్నిటినీ అందరూ కాలనీ అనేవారు, సర్కారు కాగితాల్లో మాది కాలనీ రెండు. నన్ను నిలబెట్టే మాట ఎవరో ఎత్తితే మద్దిలేటి నవ్వాడు. "బొడ్రాయి ల్యాని చోట ఊరి బోర్డు ఏంటికి? మనం ఈడ బాడుగకున్నట్లు అనుకో." ఆ తరవాత నన్ను తీసుకెళ్ళి మేకలదొడ్డికి అడ్డం పెట్టాడు. అక్షరాలు లోపలి వైపు. ఏళ్ళ తరబడి నన్ను చదివింది మేకలే. అవి ఒళ్ళు రుద్దుకుంటూ చదివేవి. పరాయివాళ్ళ కంటే శ్రద్ధగానే చదివాయని చెప్పాలి.

నేను దొడ్డిలో ఉండగానే పటాలు తయారుచేసే శాఖ నుంచి ఒక కుర్ర ఉద్యోగి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచి అరుగు ఎక్కాడు. ఊరి పేరుని ఊరివాళ్ళ నోటే వినాలని, ఊరెక్కడుందో వాళ్ళనే చూపించమనాలని వాళ్ళ శాఖలో నియమం. కంప్యూటర్లో ఎక్కే పటానికి ఒక చోటుకి ఒక పేరు, ఒక పేరుకి ఒక చోటు ఖాయం చేస్తున్నారట. ఇకమీదట అన్ని శాఖలూ ఆ పేరునే వాడతాయట.

"నేరేడురేవు ఎక్కడుందండీ?" అని అడిగాడు.

మద్దిలేటి లేచి, ఉత్తరం వైపు చెయ్యి చాపాడు. "అదో, ఆ గుట్ట అవతల నీళ్ళు మెరుస్తాండాయే, వాటి కింద."

"మరి ఇదేంటి?"

"ఇది కాలనీ. ఈడ ఉంటాండాం, అంతే."

కుర్రవాడికి అనుమానం వచ్చింది. పక్క వీధిలో అడిగాడు, బోరింగు దగ్గర అడిగాడు. అందరూ అలాగే చెయ్యి అటే చాపారు. అబద్ధం ఎవరూ చెప్పలేదు. అతనూ తప్పు రాయలేదు. దాహం తీర్చుకుని, నా పక్కనే నిలబడి చేతి పరికరంలో ఏదో నొక్కి వెళ్ళిపోయాడు. నేను మేకల వైపు తిరిగి ఉన్నాను, ఏం చెప్పగలను?

చాలాకాలం దాని వల్ల పెద్ద నష్టమేమీ కనిపించలేదు. పెళ్ళి పత్రికలు వేరే కాలనీకి పోయి, పెళ్ళయ్యాక చేరేవి. గ్యాసు బండివాడు ఫోన్లో "ఏ కాలనీ అన్నా?" అంటే "నేరేడురేవోళ్ళ కాలనీ" అని చెప్పి, "మాకేం, అందరం తెలిసినోళ్ళమే గదా" అనుకునేవారు. ఎండాకాలం నీళ్ళు తీసినప్పుడు ఊరంతా ట్రాక్టర్లు కట్టుకుని పాత ఊరికి పోయేది. బొడ్రాయి చుట్టూ బురద కడిగి, నీళ్ళు పోసి, మొండిగోడల ముందు నిలబడి ఫోటోలు దిగేది. పిల్లలు వాటిని ఫోన్లోని పటంలో అక్కడే అంటించేవారు. ఎవరో ఆ ఊరికి అయిదు చుక్కలిచ్చి "ఊరు చాలా బాగుంది, నీళ్ళు కొంచెం ఎక్కువ" అని కింద రాశారట. వీధిలో అందరూ అది చెప్పుకుని నవ్వారు.

మద్దిలేటి మనవరాలు మల్లీశ్వరి తొలి కానుపుకి పుట్టింటికి వచ్చింది. భర్త బేతంచెర్లలో రాళ్ళ పాలిషు పని. పిల్లకి రక్తపోటు ఎక్కువగా ఉందని, నొప్పులు మొదలైతే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రి బండిని పిలవమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ ఒకటే ధ్యాస. మద్దిలేటి ఫోనుని మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. ఆ పిల్లని వేళకి ఆసుపత్రికి చేర్చడం తప్ప ఆ ఇంటికి వేరే పని లేనట్టుండేది.

ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. తండ్రి రంగస్వామి నా పక్కనే నిలబడి ఫోను చేశాడు.

"ఊరు పేరు చెప్పండి" అంది అవతలి గొంతు.

"నేరేడురేవు."

"కనిపించింది సార్. బండి బయల్దేరుతుంది."

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. మల్లీశ్వరికి కొత్త చీర కట్టి, అరుగు మీద కూర్చోబెట్టారు. ఎంతసేపటికీ బండి రాలేదు. చివరికి ఫోను మోగింది. బండి నడిపే అతను, పేరు నాగశేషులని తరవాత తెలిసింది.

"అన్నా, మీ ఊళ్ళోకి వచ్చినా. ఇండ్లేం కనపడ్డం ల్యా."

"మరేం కనపడ్తాంది?" అన్నాడు రంగస్వామి.

"నీళ్ళు."

మల్లీశ్వరికి అప్పటికే చూపు మసకబారుతోంది, తల పగిలిపోతోందంటోంది. "ట్రాక్టరు తీయిరా" అని మద్దిలేటి అరిచాడు. ట్రాలీ అడుగు చిల్లులు పడి ఉంది, రాళ్ళు మోసి మోసి. మద్దిలేటి దొడ్డిలోకి వచ్చి నన్ను ఊడబెరికాడు. మేకలు చెల్లాచెదురయ్యాయి. నన్ను ఆ చిల్లుల మీద పరిచి, నా మీద పరుపు వేసి, పిల్లని పడుకోబెట్టారు. నా కాళ్ళు వెనక్కి పొడుచుకుని ఉంటే వాటికి ఎర్ర గుడ్డ కట్టారు.

అన్నేళ్ళ తరవాత నేను రోడ్డెక్కింది అలాగ. పరుపు కింద నాకేమీ కనిపించలేదు. గుంత వచ్చినప్పుడల్లా ఆ పిల్ల వెన్ను అదురు నా అక్షరాల మీద తెలిసేది. తల వైపు కూర్చున్న మద్దిలేటి, "అయిపోయిందమ్మా, వచ్చేసినాం" అని అంటూనే ఉన్నాడు. ఎక్కడికొచ్చామో ఆయనకీ తెలియదు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన నాగశేషులు పరిస్థితి చూసి, వల అక్కడే వదిలి, బండెక్కి దారి చూపించాడట. ఆయన పేరెవరూ అడగలేదు. నాలుగు రోడ్ల కూడలి దగ్గర బండీ ట్రాక్టరూ ఎదురుపడ్డాయి. పిల్లని పరుపుతో సహా ఎత్తి బండిలోకి మార్చారు. మీద పరుపు లేచిపోయేసరికి నా మీద ఎండ పడింది. నాగశేషులు చూపు నా మీద ఆగింది. పెదవులు కదిపి చదివాడు. ఎన్నేళ్ళయిందో ఒక మనిషి నన్ను చదివి.

"ఇదేందన్నా," అన్నాడు, బండి తలుపు వేస్తూ, "ఊరిని ట్రాలీలో ఏస్కొని తిరుగుతాంటే నేను యాడని ఎతకాల?"

బిడ్డ బండిలోనే పుట్టింది, ఆడపిల్ల. మల్లీశ్వరికి దారిలో ఫిట్సు వచ్చాయి. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ అందట. దక్కింది. ఇంటికి వచ్చేటప్పటికి సన్నగా, నీడలాగా వచ్చింది. వచ్చిన రోజున గోడకి ఆనించి ఉన్న నన్ను చూసి, "దీన్ని మళ్ళా మేకలకి పెట్టొద్దు" అని మాత్రం అంది.

బండి నీళ్ళ దగ్గరికి పోయిన సంగతి పైకి పోయింది. పటాల శాఖ నుంచి ఈసారి ప్రసూన అనే ఆమె వచ్చింది. అరుగు మీద కూర్చుని, బిడ్డని ఒళ్ళో వేసుకుని, నీళ్ళ కింద ఊరుందని చెప్పిందెవరని అడిగింది. అందరూ ఒప్పుకున్నారు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు.

"బండి, బస్సు, వరద హెచ్చరిక, అన్నీ ఈ ఒక్క పేరు పట్టుకునే వస్తాయి పెద్దాయనా. పేరెక్కడుంటే అక్కడికే వస్తాయి. అది ఎక్కడుండాలో మీరే చెప్పాలి. నా అంతట నేను జరపకూడదు."

"కాలనీ రెండు అని రాస్కో తల్లీ. బండి ఈడికొస్తే సాలు" అన్నాడు మద్దిలేటి.

"రాస్తాను. అప్పుడు ఈ పాప పుట్టిన ఊరు కాలనీ రెండు. నేరేడురేవు నీళ్ళ మీదే ఉంటుంది."

మద్దిలేటి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. రంగస్వామి నెమ్మదిగా, "పేరుని ఈడికే తెస్తే పోలా నాయనా?" అన్నాడు.

"రాయి ల్యాని కాడికి పేరెట్ల తెస్తావురా? మీ తాత నిలబెట్టిన రాయి ఆడుంటే, నేనీడ కూసోని ఇదే ఊరంటే ఎవురు ఒప్పుకుంటారు?"

"అట్లయితే పాతూరు పోయి కాపురం పెట్టు. చేపలతో పంచాయితీ చెయ్యి" అన్నాడు రంగస్వామి. ఎవరో కిసుక్కుమన్నారు, మద్దిలేటి చూపుకి ఆగిపోయారు.

అప్పుడు మల్లీశ్వరి లోపలి నుంచి వచ్చి గడప పట్టుకుని నిలబడింది. "జేజినాయనా, బండోడు దోవ తప్పలేదు. మనం యాడ చెప్పినామో ఆడికే పోయినాడు."

తాత మనవరాలి వైపు చూడలేదు. గోడకి ఆనించి ఉన్న నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ఊరివాళ్ళు నన్ను చదవరన్నాను కదా, ఆయన చదివాడు.

"ఒకటి చెప్పు తల్లీ," అన్నాడు ప్రసూనతో. "పేరు ఈడికి తెచ్చుకుంటే, ఆడ ఏముంటాది? ఉత్త నీళ్ళేనా?"

ప్రసూన తన పరికరం తెరిచి వేరే ఊరి పటం చూపించింది. "మునిగిన ఊరి పేరు చెరపం. నీళ్ళ మీద వాలు అక్షరాల్లో చిన్నగా రాసి, పక్కన ముంపు అని పెడతాం. బండి అటు పోదు. చూసినవాళ్ళకి మాత్రం అక్కడొక ఊరుండేదని తెలుస్తుంది."

మద్దిలేటి ఆ వాలు అక్షరాల మీద వేలు పెట్టి, కళ్ళు చిట్లించి చూశాడు. "పోయినోళ్ళని తల్చుకున్నట్ల," అన్నాడు. పరికరం ఆమె చేతికి తిరిగిచ్చి, "నీళ్ళు తీసినప్పుడు రాయి తెస్తా. ఆ దినం రా. ముందు రావద్దు."

ఎండలు ముదిరాక ట్రాక్టర్లు కదిలాయి. బొడ్రాయిని పెకలించినప్పుడు కింద మట్టి ఇంకా తడిగా ఉందని, మద్దిలేటి ఆ మట్టిని కూడా గంపకెత్తుకుని వచ్చాడని విన్నాను. ఇంకొక మాట కూడా విన్నాను. ఏటి వైపు బురదలో రెండు ఇనుప కాళ్ళు నిలబడే ఉన్నాయట. రేకు వెనక్కి వాలి, నాచు పట్టి, ఆకాశం వైపు చూస్తూ ఉందట. "తెద్దామా?" అని ఎవరో అంటే, "ఉండనీ, ఆ ఊరికీ ఒక బోర్డు ఉండాల గదా" అన్నాడట మద్దిలేటి. దాని కింది అంచు ఎలా ఉందో ఎవరూ చూసి ఉండరు. జిలానీ పూత ఉంటే గట్టిగానే ఉంటుంది.

బొడ్రాయి నిలబెట్టే రోజున ఊరి పొలిమేర మూసేస్తారు. లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ముందే ఊరు చేరిన ఆడపడుచులందరూ బిందెలతో నీళ్ళు పోస్తారు. ప్రసూనకి ఈ సంగతి తెలియక, పొద్దున వచ్చి గంటలో పోదామనుకుంది. సాయంత్రం దాకా కదలనివ్వలేదు. "శాఖకి ఫోను చేసి చెప్పు మేడం, ఊరు పట్టుకునిందని" అని రంగస్వామి ఎగతాళి చేశాడు. ఆమె చీర కుచ్చెళ్ళు తడిసేలా తానూ ఒక బిందె నీళ్ళు పోసింది. కొర్రన్నం తిని, అరుగు మీద కునుకు కూడా తీసింది. సాయంత్రం బొడ్రాయి పక్కన నిలబడి, పరికరాన్ని ఆకాశానికి చూపించి, మద్దిలేటిని అడిగింది.

"నేరేడురేవు ఎక్కడుందండీ?"

ఉత్తరం వైపు లేవబోయిన చెయ్యిని ఆయన సగంలో దించుకున్నాడు. కిందికి చూశాడు. "ఈడ," అన్నాడు.

మల్లీశ్వరి అంతకుముందే కిరసనాయిలు గుడ్డతో నా మీద మేకల జిడ్డు తుడిచింది. ట్రాలీలో పడ్డ సొట్ట మాత్రం పోలేదు. రోడ్డు మలుపులో నా కాళ్ళని సిమెంటులో పాతారు. మర్నాడు బస్సు కిటికీలోంచి ఒక ముసలామె నన్ను చదివి, పక్కనున్న ఆమెతో, "ఏరు యాడా కనపడదు, రేవంట" అంది. నాకు మళ్ళీ ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు ఆ ఉద్యోగమూ విరమించాను. నా స్థానంలో ఆకుపచ్చ బోర్డు వచ్చింది, దీపం పడితే మెరుస్తుంది. పాతదాన్ని పారేయడానికి మనసొప్పక నన్ను తెచ్చి బడి వరండాలో గోడకి కొట్టారు. ఎదుటి గోడకి ప్రసూన పంపిన పటం ఉంది. మల్లీశ్వరి కూతురికి చదవడం వచ్చింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ముందు నన్ను చదువుతుంది, తరవాత పటం దగ్గరికి పోయి అదే పేరు వెతుకుతుంది. ఎర్రమట్టి రంగు మీద నిటారు అక్షరాల్లో దొరుకుతుంది. నీళ్ళ రంగు మీద వాలు అక్షరాల్లో ఇంకోసారి దొరుకుతుంది.

"రెండుండాయి జేజినాయనా" అంటుంది ఆ పిల్ల. చేతికర్ర పట్టుకుని వెంట వచ్చిన మద్దిలేటి, "ఉంటాయి మరి" అంటాడు.

రెంటికీ మధ్య ఎంత దూరమో చూడడానికి ఆ పిల్ల వేలు అడ్డం పెట్టింది. వేలెడు నీలం. నాకూ నా జతకీ మధ్య ఒకప్పుడు ఊరంతా ఉండేది, ఇప్పుడు వేలెడుంది.